శ్రావణ శుక్రవారం నాడు నేను మెరిపించిన గిన్నె

ఈ వారంలో ఎవరైనా తిరువూరు మీదుగా వెళ్తూ, పనిలో పనిగా మా ఇంట్లో భోంచేద్దామనుకుంటే ముందే చెప్తున్నాను, మజ్జిగపులుసే. పొద్దున పెరుగువడ, మధ్యాహ్నం మజ్జిగపులుసు, రాత్రి పెరుగన్నం. ఇంట్లో అందరికీ మొహం మొత్తింది. నేను మాత్రం నోరెత్తడానికి లేదు. ఎందుకంటే ఇదంతా నా నిర్వాకమే. పోనీ ఏదో బద్ధకించి చెడగొట్టానా అంటే అదీ కాదు. బుద్ధిగా, ఒళ్ళు వంచి, ఒక రోజంతా పని చేశాను. అదే కొంప ముంచింది.

గొడవ హాస్టల్ దగ్గర మొదలైంది. నాకు విజయవాడలో లా సీటు వచ్చింది. హాస్టల్లో ఉండి చదువుకుంటానని నేను. "రోజూ బస్సులో వెళ్ళి రావచ్చుగా, ఎంతమంది వెళ్ళి రావట్లేదు" అని నాన్న. బస్సులోనే సగం రోజు పోతే చదివేదెప్పుడని నేను ఎన్ని పాయింట్లు లాగినా, పేపరు మడిచి "చూద్దాంలే" అంటాడు. మా నాన్న 'చూద్దాంలే' అన్నాడంటే కేసు కొట్టేసినట్టే. ఆ తీర్పు మార్పించగల మనిషి ఇంట్లో అమ్మ ఒక్కతే. అమ్మేమో, "తిన్న కంచం తీసి సింకులో వెయ్యడం రాదు, ఒక్కదానివీ హాస్టల్లో ఎట్లా ఉంటావే" అంటుంది.

అక్కడితో ఊరుకోవాల్సింది. ఊరుకుంటే నేను నేనెందుకవుతాను.

"ఇంటిపనేమన్నా బ్రహ్మవిద్యా అమ్మా? ఒక ప్లాన్ ప్రకారం చేస్తే పదకొండుకల్లా అయిపోతుంది. నువ్వు సాయంత్రం దాకా సాగదీస్తావు" అన్నాను.

అమ్మ చపాతీ పిండి కలపడం ఆపి, షెల్ఫులో ఉన్న నా డిబేట్ కప్పు వైపు చూసింది. "అది దేని మీద మాట్లాడితే ఇచ్చారే?"

ఇంటిపనికి విలువ కట్టాలా వద్దా అనే విషయం మీద ఇచ్చారు. కట్టాలని నేను మాట్లాడుతుంటే ముందు వరసలో ఇద్దరు మేడమ్‌లు కళ్ళు తుడుచుకున్నారు. ఆ సంగతి ఇంటికొచ్చి అమ్మకి నేనే గొప్పగా చెప్పాను, అదీ నా ఖర్మ.

"స్టేజీ మీదేమో ఆడవాళ్ళ చాకిరీకి అంతు లేదంటావు. వంటింట్లోకొచ్చి పదకొండుకల్లా అయిపోతుందంటావు. ఇంతకీ నీది ఏ పక్షం?"

"వాళ్ళు ఏ పక్షం ఇస్తే ఆ పక్షం. డిబేట్ అంటే అంతే."

"సరే అయితే, ఇప్పుడు నేనిస్తా పక్షం." అమ్మ చేతికంటిన పిండి దులుపుకుంది. "శుక్రవారం విస్సన్నపేటలో మా పెద్దమ్మ మనవరాలి పెళ్ళి ఉందిగా. ముహూర్తం రాత్రికి. నేనూ నాన్నా శుక్రవారం పొద్దున వెళ్ళి శనివారం పొద్దున వచ్చేస్తాం. ఇల్లూ, నాయనమ్మా నీ చేతిలో. నేనొచ్చేసరికి నా ఇల్లు నా ఇల్లులాగే ఉందనుకో, హాస్టల్ సంగతి మీ నాన్నతో నేను మాట్లాడతా."

చూశారా, ఉన్నది ఉన్నట్టు ఉంచితే చాలంది. ఏమీ చెయ్యకుండా మంచం మీద పడుకున్నా గెలిచేదాన్ని. నాకు అది అర్థం కాలేదు. గెలవడం ఒక్కటే చాలదు నాకు, ఎదుటివాళ్ళు చప్పట్లు కొడుతూ ఓడిపోవాలి.

శుక్రవారం పొద్దున వాళ్ళని ఆటో ఎక్కించాను. ఆటో కదులుతుంటే అమ్మ తల బయటపెట్టి, "సాయంత్రం పాలు కాచి, గోరువెచ్చగా అయ్యాక తోడెయ్యి. అది మర్చిపోకు" అంది. "సరే సరే" అన్నాను. ఇంత పెద్ద ఇల్లు చేతికిచ్చి చెంచాడు తోడు గురించి చెప్తుందేంటి అనుకున్నాను.

ఇక చూడండి నా ఊపు. దుప్పట్లు, దిండుగలీబులు, కర్టెన్లు అన్నీ పీకి నానబెట్టాను. మంచాలు జరిపి ఊడ్చాను. చున్నీ తలకి చుట్టుకుని బూజుకర్ర పట్టుకునేసరికి వరండాలో చిక్కుడుకాయలు ఒలుస్తున్న నాయనమ్మ చెయ్యి ఆపింది.

"శ్రావణ శుక్రవారం పూట బూజు దులుపుతావటే?"

"ఏం, దులిపితే?"

"లక్ష్మీదేవి వచ్చే రోజు."

"వస్తే ఎక్కడ కూర్చుంటుంది నాయనమ్మా, సాలెగూడులోనా? ఆవిడకి శుభ్రమంటే ఇష్టమని పోయిన వారం వ్రతం కథప్పుడు నువ్వే చెప్పావు."

నాయనమ్మ "నీతో మాట్లాడితే నా చిక్కుడుకాయలు తెమలవు" అని మళ్ళీ ఒలుచుకుంది. వాదన నాదే. బూజంతా దులిపాను, మా పెరటి గోడ మీద పిల్లి కూడా భయపడి పక్కింటికి పోయింది.

తర్వాత ఫ్రిజ్. నాకు ముందునుంచీ దాని మీద కోపం. అమ్మ ఏదీ పారెయ్యదు. సగం కోసిన నిమ్మకాయ, పావు గరిటె పచ్చడి, అడుగంటిన అల్లం ముద్ద, మూత మారిన డబ్బాలో ఇంకేదో. అన్నీ బయటికి లాగాను. వెనక మూలన ఒక చిన్న సొట్ట గిన్నె, దాని మీద సాసరు మూత. తీసి చూస్తే అడుగున రెండు చెంచాల పెరుగు, పైన పచ్చటి పొర కట్టి ఉంది. రెండు చెంచాలు మిగిలినా దాచిపెట్టే మనిషిని ఏమనాలి? పెరుగుని సింకులో వంచేసి, గిన్నెకి నిమ్మచెక్క పట్టించి, పీచుతో తోమి తోమి పెట్టాను. ఆ సొట్ట గిన్నె పుట్టిన తర్వాత అంత మెరవడం అదే మొదటిసారి అయ్యుంటుంది. తీసుకెళ్ళి నాయనమ్మకి చూపించాను కూడా. కళ్ళజోడు లేక, "ఏంటే అది, వెండిదా?" అంది. పొంగిపోయాను.

పదకొండయింది. దుప్పట్లు ఇంకా నానుతూనే ఉన్నాయి. అది వేరే సంగతి.

వంట చేశాను. గుత్తివంకాయ. అమ్మ ఎప్పుడూ చేసేది కాకుండా కొంచెం ఘాటుగా ఉండాలని ఒక పిడికెడు కారం దండిగా వేశాను. ఎండలకి ఆరబెట్టి మరపట్టించిన కొత్త కారం అది, దాని బలం నాకు తెలియదు. మొదటి ముద్ద పెట్టుకోగానే నాయనమ్మ చెయ్యి చాపి పెరుగు గిన్నె చూపించింది. ఆవిడ సగం వంచుకుంది, మిగతా సగం నేను వంచుకున్నాను. ఇంకా మంట తగ్గక గిన్నె అడుగున నీళ్ళు పోసి కలిపి అది కూడా తాగేశాం. అమ్మ మా ఇద్దరికీ రెండు పూటలకని ఉంచిన పెరుగు ఒక్క పూటకే ఖాళీ.

"మీ అమ్మ ఇంకెప్పుడొస్తుందే?" అంది నాయనమ్మ కళ్ళు తుడుచుకుంటూ.

దుప్పట్లు, కర్టెన్లు ఉతికి ఆరేసి, మధ్యాహ్నం బయటి పనులు. స్కూటీ మీద పిండిమరకి బియ్యం తీసుకెళ్తే అక్కడ కరెంటు పోయింది. సరే, ఈలోగా టైలర్ దగ్గరికి వెళ్తే నాయనమ్మ జాకెట్లు కుట్టాడుగానీ హుక్సు వెయ్యలేదు, "కూర్చోమ్మా, ఇప్పుడే" అన్నాడు. ఆ 'ఇప్పుడే'లో ఒక పూట గడిచింది. మళ్ళీ మరకి వస్తే నా ముందు పెద్ద వరస. పిండి పట్టించుకుని, పూలు, కొబ్బరికాయ కొనుక్కుని, ముక్కు మీద పిండితో ఇల్లు చేరేసరికి సందె వేళయింది. నాయనమ్మ గుమ్మంలోనే ఉంది. "ముందు కాళ్ళు కడుక్కుని దీపం పెట్టు. శ్రావణ శుక్రవారం." పెట్టాను. ఇంట్లో ఫ్లోరు నిగనిగ, దేవుడి దగ్గర దీపం, పెరట్లో తాడు మీద కర్టెన్లు. నడుం మీద చేతులు పెట్టుకుని ఒకసారి అంతా చూసుకున్నాను. విజయవాడ హాస్టల్లో కిటికీ పక్క మంచం నాదే అనుకున్నాను.

పాలు కాచాను. గోరువెచ్చగా అయ్యాయి. వేలు పెట్టి కూడా చూశాను.

"నాయనమ్మా, తోడు ఎక్కడుంది?"

"ఫ్రిజ్‌లోనే, వెనక మూల. చిన్న గిన్నెలో తీసిపెడుతుంది మీ అమ్మ. పైన సాసరు ఉంటుంది చూడు."

ఫ్రిజ్ తలుపు తీశాను. లోపల లైటు వెలిగింది. వెనక మూల వరకూ ఏ అడ్డమూ లేకుండా తెల్లగా, ఖాళీగా, ధగధగా కనిపించింది.

"దొరికిందా?"

"నాయనమ్మా, పొద్దున వెండిదా అన్నావే, ఆ గిన్నె..."

"ఆఁ?"

"అదే."

నాయనమ్మ చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తుందేమోనని భయపడ్డాను. భుజాలు కదులుతుంటే అర్థమైంది, నవ్వుతోంది.

"నవ్వుతావేంటి, పెరుగేగా."

"పెరుగేనటే? మీ అమ్మ కాపరానికి వస్తూ గంపలగూడెం నుంచి స్టీలు డబ్బాలో తెచ్చుకున్న తోడది. ఇన్నేళ్ళలో ఒక్క రోజు తెగనివ్వలేదు. నువ్వు పుట్టినప్పుడు ఆస్పత్రికి పోతూ కూడా నా చేతిలో ఆ గిన్నె పెట్టి మరీ పోయింది. ఇల్లు జాగ్రత్తని చెప్పలేదు, తోడు జాగ్రత్తని చెప్పింది."

అమ్మ ఆటోలోంచి తల బయటపెట్టి చెప్పిన మాట అప్పుడు గుర్తొచ్చింది. ఇంత ఇల్లూ నా చేతిలో పెట్టి, ఒక్కదాని గురించే చెప్పింది. ఆ ఒక్కదాన్నే నిమ్మచెక్క వేసి తోమాను.

సరే, భయపడితే పనులు కావు. గిన్నె పట్టుకుని ఎదురింటికి పరుగెత్తాను. ఎదురింటి సుబ్బలక్ష్మి అత్తయ్య అరుగు మీద కూర్చుని పూలు కడుతోంది.

"అత్తయ్యా, రెండు చెంచాల తోడు ఇవ్వవా?"

అత్తయ్య దారం వదలకుండానే నన్ను పైనుంచి కిందికి చూసింది. "దీపం పెట్టేశానే. దీపం పెట్టాక పెరుగు గడప దాటిస్తారా ఎవరన్నా? అందులో శ్రావణ శుక్రవారం."

"రెండు చెంచాల పెరుగుతో పాటు లక్ష్మీదేవి లేచి వచ్చేస్తుందా అత్తయ్యా? అంత తేలిగ్గా వెళ్ళిపోయే మనిషైతే ఇన్నేళ్ళూ మీ ఇంట్లో ఎందుకుంటుంది?"

"ఉంటుందిలే. తెలిసి తెలిసి పొమ్మనడం ఎందుకు?"

"ఇవ్వడం వల్ల పెరుగుతుందని కదా పెద్దలు..."

"ఝాన్సీ, కప్పులు తెచ్చుకునే మాటలు కాలేజీలో చెప్పుకో. పొద్దున్నే రా, గిన్నెడు ఇస్తా."

రాష్ట్రం నలుమూలల నుంచి వచ్చిన వాళ్ళని ఓడించాను నేను. అత్తయ్య పూలు కట్టుకుంటూనే నన్ను ఓడించి పంపింది.

వెనక వీధిలో రాజేశ్వరి పిన్ని ఉంది, అమ్మకి దూరపు చెల్లెలు. పిన్ని మనసు వెన్న. నన్ను చూడగానే, "అయ్యో తల్లీ, కాస్త ముందు రాలేకపోయావా? దీపం పెట్టేశాను. లోపలికి రా, కూర్చో. అన్నం కలిపిస్తా, కడుపునిండా పెరుగన్నం తిని వెళ్ళు" అంది.

"తినడానికి ఇస్తావు, తీసుకెళ్ళడానికి ఇవ్వవా?"

"ఇంట్లో ఎంతైనా తినొచ్చమ్మా. బయటికే పోకూడదు."

నోట్లో పెట్టుకుని ఇంటిదాకా పరుగెత్తి పాలలో వదిలేస్తే ఎలా ఉంటుందని ఒక్క క్షణం నిజంగా ఆలోచించాను. ఆ పెరుగు అమ్మ తింటుందని గుర్తొచ్చి మానేశాను. రేపు తన ముందు నిలబడాల్సింది నేనే మరి.

మళ్ళీ స్కూటీ. సెంటర్లో కిరాణా కొట్టు. "పెరుగు ప్యాకెట్ ఒకటి ఇవ్వండి."

"లేవమ్మా. పెళ్ళిళ్ళు కదా, క్యాటరింగ్ వాళ్ళు ఉన్నవన్నీ ఎత్తుకుపోయారు. పాల ప్యాకెట్లున్నాయి, ఇమ్మంటారా?"

"పాలు ఇంట్లో ఉన్నాయండి."

"మరింకేం, తోడేసుకోండి" అన్నాడు. ఆయన తప్పేం లేదు. అయినా ఆయన వైపు నేను చూసిన చూపుకి చిల్లర డబ్బా మూత వేసుకున్నాడు.

ఇంటికొచ్చేసరికి పాలు చల్లారిపోయాయి, నేను మాత్రం భగభగలాడుతున్నాను. నాయనమ్మ తాపీగా, "ఎండుమిరపకాయ తొడిమలు వేస్తే తోడుకుంటుందంటారు" అంది. "మిరపకాయ పేరెత్తకు నాయనమ్మా" అన్నాను. మధ్యాహ్నం మంట ఇంకా పోలేదు. అప్పుడు గోడవతల లైటు వెలిగింది. పక్కింటి మేరీ టీచర్‌గారు. స్కూల్లో నాకు తెలుగు చెప్పారు, మొట్టమొదటి డిబేట్‌కి స్టేజీ ఎక్కించింది కూడా ఆవిడే. ఆవిడ చర్చికి వెళ్ళే మనిషి. శుక్రవారమని, దీపమని పట్టింపులేవీ ఉండవు. అసలు గోడ పక్కనే ఇంత దారి పెట్టుకుని ఊరంతా తిరిగానా అని నా తలకాయ నేనే కొట్టుకున్నాను.

"టీచర్‌గారండీ, ఇప్పుడు పెరుగు ఇస్తారా?"

"ఎందుకివ్వను? మాకు వేళాపాళా ఏముంది?" చిన్న గిన్నెలో తెచ్చి గోడ మీద పెట్టారు. "ఏమైంది మీ ఇంట్లో తోడుకి? మీ అమ్మ అట్లా పోగొట్టుకునే మనిషి కాదే."

చెప్పాను. మొత్తం చెప్పాను. నవ్వు ఆపుకోవడానికి ఆవిడ గోడ పట్టుకున్నారు.

"టీచర్‌గారూ, దయచేసి అమ్మకి మాత్రం..."

"నేను అబద్ధం చెప్పను ఝాన్సీ. అడిగితే చెప్తా. అడగకపోతే నాకేం పని?" అని వెనక్కి తిరగబోయి ఆగారు. "ఇంకో మాట. నేను మా అమ్మాయి పురిటికి వెళ్ళొచ్చినప్పుడు మా ఇంట్లో తోడు లేకపోతే మీ అమ్మే ఇచ్చింది. నీ చేతిలో ఉన్నది మీదే."

ఆ మాట విని గోడ దూకి ఆవిడ కాళ్ళకి దండం పెడదామనుకున్నాను. గంపలగూడెం తోడు, మా అమ్మ తోడు, గోడవతల క్షేమంగా ఉంది. పాలు మళ్ళీ వెచ్చ చేసి, మెరిసే సొట్ట గిన్నెలో కొంచెం తీసిపెట్టి, మిగతాది పాలలో వేసి మూతపెట్టి దాని ముందు కాసేపు నిలబడ్డాను. నాయనమ్మ చేత ఒట్టు వేయించుకున్నాను. కేసులో సాక్ష్యమే లేదు. ఇంకేం కావాలి?

శనివారం పొద్దున అమ్మావాళ్ళు దిగారు. పెళ్ళి చీర నలిగి, నిద్రలేక కళ్ళు ఎర్రబడి ఉన్నా, అమ్మ గుమ్మంలోంచే తనిఖీ మొదలుపెట్టింది. ఫ్లోరు చూసింది. కర్టెన్లు చూసింది. ఫ్రిజ్ తెరిచి, వేరే ఇంటికి వచ్చానా అన్నట్టు ఒకసారి మూసి మళ్ళీ తెరిచింది. చివరికి పెరుగు గిన్నె మూత తీసి, వేలితో రవ్వంత నాకింది.

"బాగా తోడుకుంది" అంది. నాన్న వైపు తిరిగింది. "ఏమండీ, హాస్టల్ సంగతి..."

గేటు చప్పుడైంది.

"అమ్మాయ్ ఝాన్సీ, ఇదిగోనే పెరుగు. రాత్రి పాపం అంత బతిమాలావు, దీపం పెట్టాక ఇవ్వలేకపోయాను. నాకు నిద్ర పట్టలేదనుకో." సుబ్బలక్ష్మి అత్తయ్య, చేతిలో మూతపెట్టిన గిన్నెతో. అమ్మని చూసి, "వచ్చేశావా వదినా? ఇదిగో తోడు. ఇంట్లో తోడు పోయిందటగా?" అంది.

అమ్మ నా వైపు చూసింది. నేను ఫ్యాను వైపు చూశాను.

అత్తయ్య గిన్నె కింద పెట్టేలోగా రాజేశ్వరి పిన్ని, ఆవిడది ఇంకా పెద్ద గిన్నె. "అక్కా, పిల్ల రాత్రి తిననైనా తినలేదు, పరుగెత్తింది." ఆవిడ వెనకాల, నేను అసలు వెళ్ళని మూలింటి వాళ్ళ కోడలు. అత్తయ్య చెప్పిందట. ఆ తర్వాత పిన్ని వాళ్ళ పై వాటాలో వాళ్ళు. వాళ్ళకి పిన్ని చెప్పిందట. అందరిదీ ఒకటే మాట, అయ్యో పాపం దీపం పెట్టేశాం, అయ్యో పాపం చిన్నపిల్ల. చివరికి పాలబ్బాయి కూడా పాలతో పాటు ఒక పెరుగు ప్యాకెట్ ఇచ్చి, కిరాణా కొట్టాయన పంపాడని చెప్పిపోయాడు. నాకు ఇంతమంది ఓట్లు ఏ పోటీలోనూ పడలేదు.

వాళ్ళంతా వెళ్ళాక డైనింగ్ టేబుల్ మీద గిన్నెలు వరసగా ఉన్నాయి. నాయనమ్మ నెమ్మదిగా, "నేను మాత్రం నోరు విప్పలేదమ్మా" అంది.

అమ్మ ఫ్రిజ్‌లోంచి సొట్ట గిన్నె తీసింది. కిటికీ వెలుతురులో అటూ ఇటూ తిప్పింది. "కాపరానికి వచ్చినప్పటి నుంచీ దీని రంగు ఇదని నాకు తెలియదు" అంది. తర్వాత, "మరి రాత్రి తోడేసిన పెరుగు?"

"మేరీ టీచర్‌గారిది."

"అంటే నాదే."

"నీదే అమ్మా."

అమ్మ కుర్చీలో కూర్చుంది. ఆ గిన్నెని ఒళ్ళో పెట్టుకుని కొంగుతో ఒకసారి తుడిచింది, అప్పటికే మెరుస్తున్నదాన్ని. తిడుతుందని నా దగ్గర నాలుగు పాయింట్లు సిద్ధంగా ఉన్నాయి: ఉద్దేశం మంచిది, నష్టం జరగలేదు, తోడు తెగలేదు, ఫ్రిజ్ శుభ్రపడింది. మొదటిది మొదలుపెట్టబోతుంటే చెయ్యెత్తి ఆపింది.

"ఏమండీ, దీన్ని హాస్టల్‌కి పంపించేద్దాం."

"అదేంటి? రోజూ వెళ్ళి రావచ్చని కదా..." అన్నాడు నాన్న.

"రోజూ వెళ్ళి వస్తే రోజూ ఇంటికొస్తుంది. ఆదివారాలు ఇంట్లోనే ఉంటుంది. ఇంకోసారి దీనికి పని చెయ్యాలన్న ఊపు వస్తే నా ఇల్లు ఆగుతుందా? హాస్టల్లో అయితే వంటిల్లుండదు, ఫ్రిజ్ ఉండదు. చదువుకోనివ్వండి."

నాన్న ఒకసారి గిన్నెల వైపు చూశాడు. పక్కనే ఉన్న నిన్నటి గుత్తివంకాయ మూత తీసి, ఒక ముక్క రుచి చూశాడు. గబగబా దగ్గరున్న పెరుగు గిన్నె లాక్కుని, గొంతు సర్దుకున్నాక, "సోమవారమే వెళ్ళి ఫీజు కట్టేసి వద్దాం" అన్నాడు. 'చూద్దాంలే' అన్న మాటే రాలేదు.

ఇన్నేళ్ళుగా ఎన్నో వేదికల మీద గొంతు చించుకున్నాను. నోరు తెరవకుండా గెలిచింది మాత్రం ఇదొక్కటే. ఆ గెలుపుని చెప్పుకోవడానికి ఒక్క పాయింటు కూడా నాది లేదు. సరే, ఉంటాను మరి, అమ్మ భోజనానికి పిలుస్తోంది. ఏం వండిందని అడగడం మానేశాను.